తిరిగొచ్చిన కవరు

కవరు తిరిగొచ్చింది.

ఆసుపత్రిలో మీరూనా మంచం మీద, దుప్పటి మడతల్లో అది పడి ఉంది. ముగ్గురూ దానివంక చూస్తున్నారే గానీ ఎవరూ ముట్టుకోవడం లేదు.

"ఏమంటూ ఇచ్చిందిరా?" అంది అగ్లాయా. పొద్దుటినుంచీ కొడుకుని ఆమె అడుగుతున్నది ఆ ఒక్క మాటే.

"చెప్పాను కదమ్మా. 'ఇది మీది, తీసుకోండి' అంది. అంతే."

"మొహం ఎలా పెట్టింది?"

"మొహమేముంది? డాక్టరు మొహం."

"జాలిగా చూసిందా, కోపంగా చూసిందా? ఆ మాత్రం కనిపెట్టలేవా? గిత్త మొహం చూసి పొడుస్తుందో లేదో చెప్తావే!"

సోరిన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్ని టోపీని బట్ట పిండినట్టు పిండుతున్నాడు. "వరండా నిండా జనం. అందరి ముందూ జేబులోంచి తీసి నా చేతిలో పెట్టింది. నేను నేలకేసి చూశాను. ఇంక మొహం ఎక్కడ చూడను?"

మీరూనాకి పొట్టమీద కుట్లు లాగుతున్నాయి. మాట్లాడితే ఇంకా లాగుతాయి.

నిన్న పొద్దున కడుపు కోసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. ఒక్క క్షణం చెంపకు ఆనించి పట్టుకుపోయారు. ఊపిరి వేగంగా తీస్తున్నాడు, పసిపిల్లల గదిలో ఉంచి చూడాలి అన్నారు. ఆ గదిని చూసే డాక్టరమ్మ పేరు ఒప్రిషాన్. చిన్న వయసు. ఆవిడ తెల్లకోటు జేబులోకి కవరు జారవిడిచినవాడు సోరిన్. జారవిడవమన్నది అగ్లాయా. లోపల ఉన్నది క్రిస్మస్‌కి కోద్దామని పెంచిన పంది. ముందే అమ్మి డబ్బు చేశారు.

బీమా ఉంది. కాన్పు ఉచితం. ఆ సంగతి ఆసుపత్రి గుమ్మంలో గోడమీదే రాసి ఉంది. ఆ గోడ దాటి లోపలికి అడుగు పెట్టడానికి గేటు దగ్గర కూర్చున్నవాడికి కాఫీ పొడి పొట్లం ఇచ్చారు. దుప్పటి మార్చిన ఆయాకి ఇచ్చారు. సూది నొప్పి లేకుండా వేసిన నర్సుకి ఇచ్చారు, నొప్పిగా వేసినామెకి ఈసారైనా మెల్లగా వెయ్యమని మరికాస్త ఇచ్చారు. ప్రూత్ నది ఒడ్డు పల్లెల్లో పుట్టినవాళ్లెవరికీ ఇది కొత్త కాదు. ఇచ్చేవాళ్లకి సిగ్గు లేదు, తీసుకునేవాళ్లకి జంకు లేదు.

కానీ ఇచ్చింది వెనక్కి రావడం, అది వేరు.

డాక్టరు కవరు తీసుకోలేదంటే రెండే అర్థాలు. ఒకటి, చాల్లేదని. రెండోది ఎవరూ పైకి అనరు.

పక్కమంచం మీది స్తానా అనేసింది.

ఆమెకిది నాలుగో కాన్పు. పుట్టింటికి వచ్చినంత సుఖంగా దిళ్లకి ఆనుకుని, ఆపిల్ ముక్కలు కోసుకు తింటోంది. "మా మామగారికీ ఇలాగే అయింది" అంది. "గుండె డాక్టరు కవరు వెనక్కిచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాం. వారం తిరక్కుండా పూడ్చిపెట్టి వచ్చాం. తర్వాత తెలిసింది, పోయేవాళ్ల దగ్గర వాళ్లు తీసుకోరట. పాపం వస్తుందని."



"నీ నాలుక మీద మిరియం పెట్టా!" అంది అగ్లాయా. "నిన్ను ఎవరడిగారమ్మా?"

"నేనేమన్నాను పెద్దమ్మా? మా మామ సంగతి చెప్పాను. ఆయనకి ఎనభై దాటాయి."

"మావాడికి ఒక్కరోజు!"

మీరూనా మోచేతులమీద పైకి లేచింది. "నేను వెళ్లి అడుగుతాను."

"ఏమని? ఎందుకు తీసుకోలేదని అడుగుతావా?"

"బిడ్డ ఎలా ఉన్నాడని అడుగుతాను."

"అడిగితే చెప్తారా, పిచ్చిపిల్లా? డాక్టర్లు నోటితో చెప్పరు. చేత్తో చెప్తారు. చెప్పేసింది." అగ్లాయా కవరువైపు గడ్డం ఎగరేసింది. "పైగా నీతో మాట్లాడేటప్పుడు లాటిన్‌లో మాట్లాడతారు. నువ్వు సరే సరే అని తల ఊపి వస్తావు."

అది నిజమే కాబట్టి మరీ మండింది. మీరూనా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తల్లి ఇటలీలో ముసలివాళ్లకి సేవ చెయ్యడానికి వెళ్లిపోతే, ఇంట్లో చిన్నవాళ్లకి అన్నం వండే మనిషి లేక బడి మానింది. తెల్లకోటు కనిపిస్తే ఇప్పటికీ హెడ్మాస్టరు ముందు నిలబడినట్టే ఉంటుంది. నిన్నటినుంచి ఎంతమంది తెల్లకోట్లు ఈ గదిలోకి వచ్చి వెళ్లాయి! ఒక్కరినీ గట్టిగా అడగలేకపోయింది. నోరు తెరిచేలోగా వాళ్లు వీపు తిప్పేవాళ్లు.

"చాల్లేదేమో అమ్మా" అన్నాడు సోరిన్. "పట్నం డాక్టరు. పంది ఏ మూలకి?"

"చాలకపోతే చాలేలా చేద్దాం." అగ్లాయా ఇటూ అటూ చూసింది. కోటు గుండీలు విప్పి, రవికలోంచి ముడివేసిన తెల్ల గుడ్డ తీసింది. కర్పూరం వాసన వచ్చింది.

సోరిన్ కిటికీ దగ్గర్నించి కదిలాడు. "అది తెచ్చావా?"

అదేమిటో మీరూనాకి చూడగానే తెలిసింది. వాళ్ల ఊళ్లో ప్రతి ముసలమ్మ పెట్టెలోనూ ఒకటి ఉంటుంది. నల్లబట్టలు, మైనపు కొవ్వొత్తులు, శవాన్ని మోసేవాళ్ల భుజాలకి కట్టే తువ్వాళ్లు, వాటి అడుగున ఈ మూట. పాదిరీకి, గంట కొట్టేవాడికి, ఆ రోజు భోజనాలకి. ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా మట్టిలోకి పోవడానికి దాచుకున్న డబ్బు. కరువొచ్చినా, పైకప్పు కూలినా దాన్ని ముట్టుకోరు. భర్త చనిపోయిన ఏడాది, పొయ్యిలోకి కట్టెలు లేనప్పుడు కూడా అగ్లాయా ముట్టుకోలేదు.

"వద్దు అత్తయ్యా" అంది మీరూనా.

"ఏం?"

"అది చావు డబ్బు. నా బిడ్డమీద పెట్టకండి."

"నీ బిడ్డా? వాడికి మా ఇంటిపేరు కాదూ?"

"ఎవరి ఇంటిపేరైతేనేం, పుట్టినవాడికి పూడ్చిపెట్టే డబ్బు ఇస్తారా?"

"మరి బతుకు డబ్బు ఎక్కడుందే? ఎత్తిపెట్టావా ఎక్కడైనా? ఉన్నదంతా ఆ పందితోనే అయిపోయిందిగా!" అగ్లాయా గొంతు పగిలింది. "రేపు మూడో రాత్రి. పుట్టినవాడికి విధి రాసే ముగ్గురు దేవతలూ వచ్చే రాత్రి. బిడ్డ తల్లి పక్కన లేకపోతే ఎవరి బిడ్డ అనుకుని రాస్తారు? దిక్కులేనివాడు అని రాసిపోతారు. నీకు తెలుసా ఇవన్నీ? నీకు చెప్పేవాళ్లెవరున్నారు?"

ఆ చివరిమాట అనకుండా ఉంటే బాగుండేది. ఆమెకీ తెలిసింది. ఇంటినుంచి తెచ్చిన సూప్ సీసా మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించింది.

"చల్లారకముందే తాగు" అని చెప్పి బయటికి వెళ్లిపోయింది. మూట ఆమెతోనే వెళ్లింది.

మొగుడూ పెళ్లాలూ మిగిలారు. స్తానా మర్యాదగా గోడవైపు తిరిగి పడుకుంది, చెవి మాత్రం ఇటే ఉంది.

"నువ్వేం మాట్లాడవేం?" అంది మీరూనా.

"ఏం మాట్లాడను? ఇవ్వమంటే ఇచ్చాను. తీసుకోమంటే తీసుకున్నాను."

"కలప మిల్లులో దుంగ కూడా తొయ్యగానే దొర్లదు సోరిన్. కాస్త బిగదీస్తుంది."

అతను నవ్వబోయి మానేశాడు. టోపీ తలకి పెట్టుకుని, ఆసుపత్రి అని గుర్తొచ్చి తీశాడు. వాళ్లిద్దరికీ పెళ్లయి రెండేళ్లు కాలేదు. 

తలుపు తోసుకుని డాక్టరమ్మ ఒప్రిషాన్ వచ్చింది. కళ్లకింద నలుపు, జుట్టు పెన్సిలుతో ముడివేసి ఉంది. మంచం మీద కవరు చూసి పెదవి బిగించింది.

"అది నా కంటికి కనపడకుండా పెట్టండి."

సోరిన్ చటుక్కున జేబులో కుక్కాడు.

మీరూనా మంచం చువ్వ పట్టుకుని లేచి కూర్చుంది. ఆవిడ వీపు తిప్పేలోగా అడగాలి. "డాక్టరమ్మా, నా బిడ్డ చచ్చిపోతాడా?"

ఆవిడ నిలబడిపోయింది. "ఏమిటి?"

"మీరు కవరు తీసుకోలేదు. పోయేవాళ్ల దగ్గర తీసుకోరట కదా."

"ఎవరు చెప్పారు నీకు?"

గోడవైపు తిరిగిన స్తానా ఇంకాస్త గోడలోకి ఒదిగింది.

"నేను ఎవరి దగ్గరా తీసుకోనమ్మా. బతికేవాళ్ల దగ్గరా తీసుకోను." ఆవిడ మంచం అంచున కూర్చుంది. "జేబులో ఎప్పుడు పెట్టాడో కూడా చూసుకోలేదు. అందరి ముందూ ఇచ్చేస్తే ఇంకెవరూ పెట్టరనుకున్నాను. ఇంతలో కింద అత్యవసరం అని పిలిచారు, పరిగెత్తాను. బిడ్డకి ఊపిరి రాత్రే సర్దుకుంది. బాగున్నాడు. ఆకలి గట్టిగా ఉంది, గది ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. నర్సు చెప్పలేదూ?"

"లేదు."

"ఎవరూ?"

"ఎవరూ చెప్పలేదు."

రాత్రి డ్యూటీ నర్సు చేతిలో ఏమీ పెట్టలేదు. అప్పటికి చిల్లర అయిపోయింది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది. 

మీరూనాకి ఏడుపు రావాలి. కోపం వచ్చింది. "ఆ ఒక్క ముక్కా పొద్దున మా ఆయనతో అనుంటే ఏం పోయేదండీ? 'బిడ్డ బాగున్నాడు' అని. కవరు వెనక్కిచ్చేటప్పుడే. రెండు మాటలు! పొద్దుటినుంచి మేం వాణ్ణి చంపుకుంటున్నాం ఇక్కడ."

సోరిన్ బిత్తరపోయి భార్యవంక చూశాడు. డాక్టరమ్మ మెడ ఎర్రబడింది.

"నిజమే" అంది. "అనాల్సింది. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, అదీ సాకే. మధ్యాహ్నం పిల్లలకి పాలవేళ కాగానే నీ దగ్గరికి పంపిస్తాను. ఇక నీ దగ్గరే ఉంటాడు."

ఆవిడ వెళ్లాక సోరిన్ వచ్చి భార్య పాదాలు దుప్పటి మీదినుంచి పట్టుకుని కూర్చున్నాడు. మీరూనా అప్పుడు ఏడ్చింది, కుట్లు లాగకుండా, నోరు మూసుకుని.

"అమ్మకి చెప్పిరానా?"

"వెళ్లు. పరిగెత్తు."

వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు. గేటు దగ్గర లేదు, బస్టాపులో లేదు, వీధి మలుపులో గుడి ఉంటే అక్కడా చూశాడు, లేదు.

మధ్యాహ్నం చక్రాల బల్లమీద పిల్లలు వచ్చారు. రొట్టెల బట్టీలోంచి తీసిన రొట్టెల్లా గట్టిగా చుట్టి వరసగా పడుకోబెట్టారు. స్తానా పిల్ల వచ్చింది. ఎదురు మంచం కవలలు వచ్చారు. మీరూనా రవిక ముడి ముందే విప్పుకుని, చేతులు కడిగించుకుని కూర్చుంది. బల్ల ఖాళీ అయింది. ఆయా దాన్ని వెనక్కి తిప్పింది.

"మావాడు?"

"మీవాడు రాడు" అంది ఆయా.

"డాక్టరమ్మ పంపిస్తానంది!"

"డాక్టరమ్మ చేతిలో లేడు ఇప్పుడు. పెద్ద డాక్టరు బర్సాన్‌గారు స్వయంగా తన కింద వేసుకున్నారు. రక్తం పరీక్షలు మళ్లీ చెయ్యాలట. గుండెకి ఫొటో కూడా తీయించి చూడాలట. కొన్నాళ్లు ఆ గదిలోనే." ఆయా గొంతులో గౌరవం కూడా ఉంది. "పెట్టిపుట్టావమ్మా. ఆయన అందరినీ తన కింద వేసుకోరు."

మీరూనా చేతులు ఒడిలో ఖాళీగా ఉండిపోయాయి. పక్కమంచం మీద స్తానా పిల్ల చప్పరిస్తున్న చప్పుడు.

తలుపు దగ్గర అగ్లాయా నిలబడి ఉంది. ఊరేగింపు నుంచి వచ్చినట్టు మొహం వెలుగుతోంది. తలగుడ్డ కొత్తగా కట్టుకుంది.

"అయిపోయింది!" అంది లోపలికి వస్తూనే. "ఆ చిన్నపిల్ల చేతిలో ఎందుకు? పెద్ద చెట్టు నీడకే పోవాలి. ఆయన గదిలోకి వెళ్లి చేతికి ముద్దు పెట్టుకుని చెప్పాను. 'అయ్యా, మావాణ్ణి మీరు చూడండి. ఆ అమ్మాయి మా కవరు వెనక్కి కొట్టింది, మాకు భయంగా ఉంది' అన్నాను. ఎంత మర్యాద! కుర్చీ వేశాడు. మూట బల్లమీద పెడితే అలా సొరుగు తెరిచాడు, చూడను కూడా చూడలేదు. 'ఇక నిశ్చింతగా ఉండు తల్లీ, ఏ పరీక్షా వదిలిపెట్టను' అన్నాడు. ఏం, అలా చూస్తారేం?"

"అమ్మా" అన్నాడు సోరిన్. 

మీరూనా చెప్పింది. గొంతు పెంచలేదు. "బిడ్డ బాగున్నాడు అత్తయ్యా. నిన్న రాత్రినుంచే బాగున్నాడు. డాక్టరమ్మ ఎవరి దగ్గరా తీసుకోదు, అంతే. ఈపాటికి నా ఒళ్లో ఉండాలి. మీరు డబ్బిచ్చారు కాబట్టి ఆయన ఏదో ఒకటి చెయ్యాలి కదా. చేస్తున్నాడు. ఆ చిన్నచేతికి సూదులు గుచ్చుతున్నారు."

అగ్లాయా స్తానావంక చూసింది, ఆయా వెళ్లిన తలుపువంక చూసింది, చివరికి సోరిన్‌వంక. అతను తల ఊపాడు.

"తీసుకోదా?" అంది నెమ్మదిగా. "అలాంటివాళ్లు కూడా ఉంటారా? మరి ఎవరైనా ఎలా తెలుసుకుంటారు?"

"వెళ్లి వెనక్కి అడగండి."

"ఏమిటీ?"

"డబ్బు వెనక్కి ఇచ్చెయ్యమనండి. మాకు మీరు వద్దు, ముందున్న డాక్టరమ్మే చాలు అని చెప్పండి."

"ఇచ్చింది వెనక్కి అడగడమా? నా బతుకులో విన్నానా? ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?" అగ్లాయా కోటు గుండీలు తడుముకుంది. "కావాలంటే డబ్బు ఉంచుకోమంటాను. బిడ్డని మాత్రం ఇమ్మంటాను."

"డబ్బు ఆయన దగ్గరున్నంతసేపూ బిడ్డ ఆయన దగ్గరే ఉంటాడు అత్తయ్యా. తీసుకుని ఊరికే కూర్చోలేడు ఆయన. ఇచ్చింది అడగడం మీకెంత సిగ్గో, ఆయనకి అదీ అంత సిగ్గు."

 అగ్లాయా పెదవులు ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు కదిలాయి, లేక ప్రార్థనేమో. తర్వాత తలగుడ్డ ముడి గడ్డం కింద బిగించి, ఇంకెవరివంకా చూడకుండా బయటికి నడిచింది.

"నన్ను లేపు" అంది మీరూనా భర్తతో.

"కుట్లు..."

"లేపు."

వరండా అంత పొడుగు ఉంటుందని నిన్న చక్రాల కుర్చీలో వచ్చినప్పుడు తెలియలేదు. గోడ పట్టుకుని, సోరిన్ భుజం పట్టుకుని నడిచింది. పసిపిల్లల గది ముందు ఆగింది. తలుపుకి మసక అద్దం. లోపల ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడుస్తున్నారు. మీరూనా చెవి ఆనించింది. ఆ ఏడుపుల్లో తన బిడ్డది ఏదో ఆమెకి తెలియలేదు. తెలుసుకునేంత సేపు ఎవరూ విననివ్వలేదు.

చివర పెద్ద డాక్టరు గది. అగ్లాయా లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. వీళ్లిద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. కేకలు వినిపిస్తాయనుకుంది మీరూనా. ఏమీ వినిపించలేదు. ఒకసారి సొరుగు చప్పుడు, తర్వాత అదీ లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు బర్సాన్ గుమ్మంలో నిలబడ్డాడు. నెరసిన గడ్డం, ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు. చూస్తే నిజంగానే మంచివాడిలా ఉన్నాడు.

"బిడ్డ తల్లివి నువ్వేనా?"

"అవునండీ."

"రామ్మా, నిలబడలేకపోతున్నావు." ఆమె మోచెయ్యి పట్టి గుమ్మం దాటించాడు. సోరిన్‌ని చెయ్యెత్తి బయటే ఉండమన్నాడు. లోపల అగ్లాయా కుర్చీ అంచున కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద. వాటిలో ఏమీ లేదు.

"మీ అత్తగారు పెద్దామె, భయపడిపోయి ఉంది" అన్నాడాయన మెల్లగా. "నాకు డబ్బిచ్చానంటోంది. నేను తీసుకుని ఈ సొరుగులో పెట్టానంటోంది. నా దగ్గర ఏ డబ్బూ లేదు. ఇలాంటి మాట బయటికి పోతే ఎంత దూరం పోతుందో ఆవిడకి తెలియదు. నీకు తెలుస్తుంది, చిన్నదానివి. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఆవిడ ఇస్తుండగా నువ్వు చూశావా?"

మీరూనా జవాబు చెప్పేలోగా ఆయనే మళ్లీ అన్నాడు, తండ్రిలాగా: "తొందరేం లేదు. నిదానంగా ఆలోచించుకుని చెప్పు. బిడ్డ ఎలాగూ మా దగ్గరే ఉన్నాడు కదా."

ఆయన వీపు వెనక అగ్లాయా తల ఎత్తింది. కళ్లు నిండి ఉన్నాయి. కోడలివంకే చూస్తూ తల అడ్డంగా ఊపింది. చూడలేదని చెప్పు. డబ్బు పోతే పోనీ, అంటున్నాయి ఆ కళ్లు. ఈ మనిషి మొహంమీద ఇలాంటి బతిమాలాట మీరూనా ఎన్నడూ చూడలేదు.

గోడ అవతల పిల్లలు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

"చూశాను" అంది మీరూనా.

ఆమె చూడలేదు.